ఆదివారం లోపు లక్ష కట్టొద్దు

చిరంజీవి బుజ్జమ్మకి మావయ్య దీవెనలు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాడు, అందులో ముప్పావు గంట నీ లా చదువుకి తను చూసిన ఆ ప్రైవేటు యూనివర్సిటీ బిల్డింగుల గురించే. ఏసీ క్లాసులంట, స్విమ్మింగ్ పూల్ అంట, అచ్చం కోర్టులాగే కట్టిన హాలంట. ఆదివారం లోపు లక్ష కడితే సీటు బ్లాక్ చేస్తారంట. అంబాజీపేట తోటలో అరెకరం బేరం పెట్టేస్తానన్నాడు. బావని నేనేమీ అనలేదు, అంటే నొచ్చుకుంటాడు, అందుకని నీకు రాస్తున్నా. ఫోన్లో టైప్ చెయ్యడం నాకు అంత రాదు, తప్పులుంటే సర్దుకో.

నేను లాయర్ని కాను, ప్లీడరు గుమాస్తాని, నీకు తెలుసు. అమలాపురం కోర్టులో ముప్పై రెండేళ్లు కట్టలు మోశాను, వకాల్తాలు నింపాను, వాయిదాలు రాసుకున్నాను. మా ప్లీడరుగారి దగ్గర జూనియర్లుగా చేరి వెళ్లినోళ్లని లెక్కపెట్టాలంటే రెండు చేతుల వేళ్లూ చాలవు. ఎవరు ఏ కాలేజీ నుంచి వచ్చారు, ఎన్నాళ్లు నిలబడ్డారు, ఎందుకు మానేశారు అన్నీ చూశాను. చదువు రాక మానేసినోళ్లు తక్కువ బుజ్జమ్మా. చేతిలో డబ్బు ఆడక మానేసినోళ్లే ఎక్కువ. మంచి బుర్రున్న కుర్రాడొకడు, వాదిస్తే జడ్జిగారు పెన్ను ఆపి వినేవారు, రెండో ఏడాది ఇంటి మీద అప్పు ఉందని చిట్‌ఫండ్ కంపెనీలో కలెక్షన్ పనికి పోయాడు.

ముందు నువ్వొకటి తేల్చుకోవాలి. ఎనిమిదో క్లాసు నుంచీ జడ్జినవుతా అంటున్నావు. ఇప్పటికీ అదేనా, లేక ఎవరో చెప్పారని కార్పొరేట్ లా, అదే కంపెనీల తరఫు పని వైపు మనసు పోతోందా? ఏదైనా తప్పు లేదు, కానీ ఈ రెండింటికీ లెక్కలు వేరు, మీ నాన్న రెండూ కలిపేసి మాట్లాడుతున్నాడు.

జడ్జి అంటావా, అయితే ఇది విను. ఇదివరకు లా పాసవ్వగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసేవారు. 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, ఇకమీదట కనీసం మూడేళ్లు ప్రాక్టీసు చేసినోళ్లే ఆ పరీక్షకి అప్లై చెయ్యాలని. అంటే ఐదేళ్లు చదువు, ఆ మీద మూడేళ్లు నల్లకోటు, ఎనిమిదేళ్లు. పరీక్ష మొదటిసారికే వస్తుందని ఎవరూ రాసివ్వరు, ఇంకో రెండేళ్లు వేసుకో. ఇప్పుడు నీకు పద్దెనిమిది. మీ నాన్న మాత్రం ఐదేళ్లకే లెక్క కట్టుకుని కూర్చున్నాడు, చదువైపోగానే జీతం వస్తుందని. అసలు కరువు మొదలయ్యేదే చదువైపోయాక!

జూనియర్‌కి ఎంత వస్తుందో నన్నడుగు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ ఇచ్చింది, జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇస్తే బాగుంటుందని. ఇస్తే బాగుంటుంది, అంతే, ఇచ్చి తీరాలని కాదు. మన వైపు మొదటి ఏడాది చాలామందికి వచ్చేది పెట్రోలు ఖర్చు, టిఫిను, పండక్కి ఓ జత బట్టలు. మా ప్లీడరుగారు కొంచెం మంచాయన కాబట్టి ఐదు వేలు ఇచ్చేవారు, అదే గొప్ప అనుకునేవాళ్లు.

ఇప్పుడు ఆ ప్రైవేటు సీటు లెక్క చూద్దాం. ఏడాదికి మూడు లక్షలు, ఐదేళ్లకి పదిహేను. బ్యాంకులో పనిచేసే కుర్రాడొకడితో కూర్చుని లెక్క వేయించా. పది శాతం వడ్డీ అనుకుంటే, చదివే ఐదేళ్లు, ఆ తర్వాత ఆగే ఒక ఏడాది, ఈ ఆరేళ్లకీ వడ్డీయే ఆరు లక్షలు అవుతుంది, అదీ బారు వడ్డీ వేస్తేనే. మొత్తం 21 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకి దగ్గర దగ్గర 27,700. ఇందులో హాస్టలు లేదు, మెస్సు లేదు, ఫీజు ఏటా పెంచితే అదీ లేదు. నెలకి ఐదు వేలు తెచ్చుకునే జూనియర్ నెత్తి మీద ఇరవై ఏడు వేల కిస్తీ పెడితే ఆ పిల్ల కోర్టులో ఎన్నాళ్లు ఉంటుంది? తోట అమ్మితే వడ్డీ బాధ ఉండదుగా అంటాడు మీ నాన్న. నిజమే, వడ్డీ ఉండదు, తోటా ఉండదు, దింపుకోడానికి కాయా ఉండదు.

మీ బావ, అదే మా అబ్బాయి సంగతి నీకు సగమే తెలుసు, మిగతా సగం ఇప్పుడు చెప్తా, అత్తకి చెప్పకు నేను రాశానని. వాణ్ణీ ఇలాంటి చోటే చేర్చాను. పేరు వద్దులే. బ్రోచరు మీద హయ్యెస్ట్ ప్యాకేజీ అని పెద్ద అంకె వేసి ఓ పిల్లాడి ఫోటో వేశారు, నేను ఆ ఫోటో చూసి సంతకం పెట్టేశా. ఎంతమందిలో ఒకడికొచ్చింది ఆ ప్యాకేజీ అని అడగాలని తట్టలేదు, ముప్పై రెండేళ్లు క్రాస్ ఎగ్జామినేషన్లు విన్నోణ్ణి! వాడికి వచ్చింది బెంగళూరులో కాంట్రాక్టు కాగితాలు చదివి కంప్యూటర్లో మార్కులు పెట్టే ఉద్యోగం, నెలకి 28 వేలు, కిస్తీ 19 వేలు. వాడికి క్రిమినల్ సైడు ప్రాక్టీసంటే ప్రాణం. నాన్నా రెండేళ్లు సీనియర్ దగ్గర చేస్తా అంటే, మరి కిస్తీ ఎవరు కడతారురా అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఒక నెల వాడి జీతం లేటయ్యి కిస్తీ తప్పితే బ్యాంకు నుంచి ఫోను నాకొచ్చింది, లోన్ కాగితం మీద వాడి పక్కన సంతకం నాదే కదా. నీ విషయంలో నేను ఇంత గోల చేస్తున్నానంటే అందుకే.

ఇక నీకు క్లాట్‌లో, ఆ నేషనల్ లా యూనివర్సిటీల ఎంట్రన్సులో వచ్చిన దూరపు సీటు. ఎన్‌ఎల్‌యూ, అదే నేషనల్ లా యూనివర్సిటీ, అన్న మూడు అక్షరాలు వినగానే మనోళ్లకి కళ్లు మెరుస్తాయి. 1987లో బెంగళూరుది పెట్టారు, తర్వాత 1998లో హైదరాబాద్ నల్సార్, ఇప్పుడు దేశం మొత్తం మీద ఇరవై పైనే ఉన్నాయి, అన్నీ ఒకటి కావు. పెద్ద లా ఫర్మ్‌లు క్యాంపస్‌కి వచ్చి ఏడాదికి పదిహేను లక్షలు, ఆ పైన ఇచ్చి తీసుకెళ్లేది ముందు వరసలో ఉన్న ఐదారు చోట్ల నుంచే, అక్కడ కూడా అందర్నీ కాదు. నీకు నల్సారో బెంగళూరో వచ్చుంటే లోన్ తీసుకుని వెళ్లిపొమ్మని నేనే మీ నాన్నని తోసేవాణ్ణి. మన విశాఖ దగ్గర సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ వచ్చినా ఆలోచించదగ్గదే, ఇంటికి దగ్గర, రాష్ట్రం కోటా కూడా ఉంది, కానీ కొద్దిలో తప్పిందన్నావు. ఈ వచ్చిన సీటుకి హాస్టలు మెస్సు కలిపి ఏడాదికి రెండున్నర మూడు లక్షలు, రైలుకి రెండు రోజులు, కోర్టులో వాళ్ల భాష వేరు. చదువు బాగానే ఉండొచ్చు, ప్రొఫెసర్లూ బాగుండొచ్చు, కాదనను. కానీ సెలవులకి ఇంటర్న్‌షిప్ చేసినప్పుడు నువ్వు పరిచయం చేసుకునే లాయర్లు ఆ ఊరోళ్లు, రేపు నువ్వు ప్రాక్టీసు పెట్టేది ఇక్కడ.

దానికి కార్పొరేట్ ఆశతో వెళ్తానంటే మాత్రం ఒకటి చెయ్యి, బ్యాంకుకి వెళ్లి పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్రం చదువు లోన్ల పథకం కింద ఆ కాలేజీ ఉందో లేదో అడుగు. లిస్టులో ఉంటే తాకట్టు లేకుండా, హామీ సంతకం లేకుండా లోన్ ఇస్తారు, ఇంటి ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపుంటే పది లక్షల లోన్ దాకా వడ్డీలో మూడు శాతం తగ్గే వీలుంది.

నా ఓటు మాత్రం లాసెట్‌కే, మన రాష్ట్రం లా ఎంట్రన్సుకి. ఇంకా ర్యాంకు రాలేదు కాబట్టి కంగారు వద్దు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ అంబేద్కర్ లా కాలేజీ వస్తే కళ్లు మూసుకుని చేరు. అది రాకపోతే రాజమండ్రి, భీమవరం, ఏలూరు, ఈ మూడు చోట్లా లా కాలేజీలు ఉన్నాయి. లేదంటే ఇక్కడే డిగ్రీ చేసి మూడేళ్ల లా చెయ్యి, ఒక ఏడాది ఎక్కువవుతుంది, దానికేం మునిగిపోదు. ఫీజు తక్కువ, కన్వీనర్ కోటాలో వస్తే రీయింబర్స్‌మెంట్ మీకు వర్తిస్తుందేమో కూడా చూసుకోవచ్చు. చిన్న కాలేజీ కదా పాఠాలు సరిగ్గా చెప్పరేమో అంటావు, చెప్పకపోవచ్చు, నేను అబద్ధం ఆడను. సగం మంది హాజరు కోసమే వస్తారు. డెబ్భై శాతం హాజరు రూలు, దాన్నీ కొంతమంది ఎలాగో సర్దించుకుంటారు, నువ్వా పని చెయ్యకు. ఐదేళ్ల కోర్సులో ఇరవై వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలని బార్ కౌన్సిల్ రూలు ఉంది, చాలామంది సర్టిఫికెట్టు కొట్టించుకుని మమ అనిపిస్తారు. నువ్వు ఆ ఇరవై వారాలూ నిజంగా కోర్టులో కూర్చో, ఏసీ హాల్లో చేసిన ఉత్తుత్తి కోర్టుకి పది రెట్లు.

ఎందుకంటే మన దగ్గరకొచ్చే కేసులు పుస్తకంలో ఉండవే. పక్కోడి రొయ్యల చెరువు ఉప్పునీళ్లు ఊరి వరి చేలోకి దిగిపోయాయని ఒకడు వస్తాడు. కువైట్ నుంచి అమ్మాయి పంపిన డబ్బుతో కొన్న స్థలం అన్న పేరు మీద ఉందని ఒకావిడ ఏడుస్తూ వస్తుంది. చెక్ బౌన్సు కేసులైతే లెక్కే లేదు. పాత దస్తావేజు తీస్తే కొలత కుంచాల్లో ఉంటుంది, హద్దులు చూస్తే తూర్పు పంటబోదె, పడమర పుంత, ఆ బోదె పూడిపోయి పాతికేళ్లయ్యుంటుంది. ఇంగ్లీషు మీడియం నుంచి టై కట్టుకుని వచ్చిన కుర్రాళ్లు ఆ దస్తావేజు నా చేత చదివించుకునేవారు. మన రాష్ట్రం జడ్జి పరీక్షలో కూడా తెలుగుకీ ఇంగ్లీషుకీ మధ్య అనువాదం ఉంటుంది, తెలుగు బాగా వచ్చినోళ్లకి అక్కడ లాభమే. ఇంగ్లీషు మాత్రం నువ్వు బాగుచేసుకోవాలి, హైకోర్టుకి వెళ్లాలన్నా జడ్జిమెంటు రాయాలన్నా అది తప్పదు, రోజూ ఒక తీర్పు పైకి చదువు.

పెద్ద పేరు కావాలంటే తర్వాత కూడా కొనుక్కోవచ్చు. క్లాట్ పీజీ రాసి అదే నల్సార్‌లో ఏడాది ఎల్‌ఎల్‌ఎం, అదే లాలో పీజీ, చెయ్యొచ్చు, ఐదేళ్ల ఫీజు బదులు ఒక్క ఏడాది ఫీజు. ఆ క్లాట్ పీజీ మార్కులు చూసి ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి కంపెనీలు లా పోస్టులకి తీసుకున్న సందర్భాలున్నాయి. ప్రకాశం పంతులుగారు కూడా ముందు మన రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బాగా సంపాదించాకే 1904లో లండన్ వెళ్లి బారిస్టరు చదివాడు. అప్పటికే క్లయింట్లూ ఉన్నారు, పేరూ ఉంది.

లాసెట్ కాలేజీలో చేరితే మిగిలే డబ్బు గురించే మీ నాన్నతో అసలు మాట్లాడాలి. ప్రైవేటు సీటుకి పెడదామనుకున్న పదిహేనులో ఐదారు లక్షలు విడిగా బ్యాంకులో వేసి ముట్టుకోవద్దను, నువ్వు ఎన్‌రోల్ అయ్యాక, అదే బార్ కౌన్సిల్‌లో లాయరుగా పేరు రాయించుకున్నాక, మూడు నాలుగేళ్లు గది అద్దెకి, తిండికి, పుస్తకాలకి. ఐపీసీ పోయి 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలొచ్చాయి కదా, పాత పుస్తకాలు ఎవరిచ్చినా సగం పనికిరావు. ఎన్‌రోల్‌మెంట్‌కి ఇదివరకు వేలకి వేలు గుంజేవారు, 2024 జులైలో సుప్రీంకోర్టు ఆపింది, జనరల్‌కి 750, ఎస్సీ ఎస్టీలకి 125, అంతకంటే ఫీజు తీసుకోకూడదని. అది కట్టి, బార్ ఎగ్జామ్ పాసై, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా నాలుగేళ్లు కోర్టులో కూర్చోగలిగితే నీకు మంచి సీనియర్‌ని ఎంచుకునే దమ్ముంటుంది. డబ్బు అవసరమైనోళ్లు ఎవరు ఎక్కువిస్తే వాళ్ల దగ్గరికి పోతారు, పని నేర్పేవాళ్ల దగ్గరికి కాదు.

ఆ యూనివర్సిటీ వాళ్లకి నువ్వే ఫోన్ చేసి అడుగు, నాన్న చేత కాదు. పోయినేడు పాసైనోళ్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, జీతాల వరసలో సరిగ్గా మధ్యలో ఉన్నోళ్లకి ఎంత, ఎంతమంది కోర్టుకెళ్లారు, ఫీజు ఏటా ఎంత పెంచుతారు, ఈ లక్ష కట్టి చేరకపోతే తిరిగిస్తారా లేదా. అన్నీ మెయిల్లో రాసిమ్మను. గొంతు మారుతుంది చూడు.

మంగళవారం అమలాపురం వచ్చెయ్యి, పొద్దున్నే బస్సెక్కితే పది కల్లా కోర్టు దగ్గరుంటావు. తెల్ల చుడీదార్ వేసుకో, ఫోన్ సైలెంట్లో పెట్టు. వెనక బెంచీ మీద నా పక్కన కూర్చుని మధ్యాహ్నం దాకా పిలుపులు విను. తర్వాత మా దగ్గర చేసిన జూనియర్ అమ్మాయి ఒకామె, ఇప్పుడు సొంతంగా చేసుకుంటోంది, ఆవిడతో టీ తాగిస్తా, నేను లేకుండా నువ్వే మాట్లాడుకో. మీ నాన్నని కూడా తీసుకురా, ఆ బ్రోచరూ ఫీజు కాగితాలూ సంచిలో పెట్టుకుని రమ్మను.