టోక్యో నుంచి ఒసాకాకు: విమానమా, రైలా, రాత్రి బస్సా?

ప్రశ్న: ఏప్రిల్ నెలాఖరులో నేను, డెబ్భై ఏళ్లు దాటిన మా అమ్మగారు, పదేళ్ల మా అబ్బాయి జపాన్ వెళ్తున్నాం. కొన్నాళ్లు టోక్యోలో ఉండి ఒసాకా చేరుకుంటాం. తిరుగు ప్రయాణం అక్కడి నుంచే. విమానంలో గంటే కదా అని కొందరు, బుల్లెట్ రైలే హాయి అని మరికొందరు చెబుతున్నారు. రాత్రి బస్సులో వెళ్తే ఒక పూట హోటల్ ఖర్చు కలిసివస్తుందన్న ఆలోచన కూడా ఉంది. ఏది మంచిది? రైలు పాస్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ముగ్గురికీ బుల్లెట్ రైలే తగినదని నా అభిప్రాయం. విమానంలో గంట అన్నది గాలిలో ఉండే సమయం మాత్రమే. బస నుంచి హనేదా విమానాశ్రయానికి వెళ్లడం, సామాను అప్పగించడం, భద్రతా తనిఖీ, దిగాక సామాను కోసం ఎదురుచూపు, మళ్లీ ఊళ్లోకి ప్రయాణం, ఇవన్నీ కలిపితే నాలుగు గంటలు తేలికగా గడిచిపోతాయి. నగరానికి దగ్గరలోని ఇతామి విమానాశ్రయంలో దిగితే కొంత నయం గానీ, సముద్రంలో కట్టిన కృత్రిమ ద్వీపం మీది కన్‌సాయ్ విమానాశ్రయంలో దిగితే నగర కేంద్రానికి ఇంకా సుమారు 40 కిలోమీటర్లు ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇన్నిచోట్ల ఎక్కి దిగడం, వరుసల్లో నిలబడడం పెద్దవారికి శ్రమ.

1964లో మొదలైన తొకాయిదో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) మార్గంలో టోక్యో నుంచి షిన్-ఒసాకా స్టేషన్‌కు దాదాపు 515 కిలోమీటర్లు. తక్కువ స్టేషన్లలో ఆగే నొజోమి రైలు ఈ దూరాన్ని రెండున్నర గంటల్లో, హికారి సుమారు మూడు గంటల్లో చేరుస్తాయి. ప్రతి స్టేషన్‌లోనూ ఆగే కొదామా మీకు అనవసరం. నొజోమిలో ఒక్కరికి ఒకవైపు టికెట్ సుమారు 14,000 యెన్లు, మీ అబ్బాయికి అందులో సగం. ప్రయాణ దిశలో కుడివైపున కిటికీ పక్కనుండే ‘E’ అక్షరం సీటును అబ్బాయికి తీసుకోండి. ఆకాశం నిర్మలంగా ఉంటే, టోక్యోలో బయలుదేరిన ముప్పావు గంటకు ఫుజి పర్వతం కనిపిస్తుంది.

రాత్రి బస్సు చాలా రోజుల్లో ఇందులో సగం ధరకే దొరుకుతుంది. కానీ దాదాపు ఎనిమిది గంటల పాటు కూర్చునే నిద్రపోవాలి, తెల్లవారుజామున దిగాక మధ్యాహ్నం వరకూ చాలా హోటళ్లలో గది ఇవ్వరు. మీరు ఒక్కరే వెళ్తుంటే ఆలోచించమనేదాన్ని; అమ్మగారిని వెంటబెట్టుకుని మాత్రం వద్దు.

పాస్ విషయానికి వస్తే, 2023 అక్టోబరులో ఏడు రోజుల సాధారణ జపాన్ రైల్ పాస్ ధర 29,650 నుంచి 50,000 యెన్లకు పెరిగింది. పైగా ఆ పాస్‌తో నొజోమి ఎక్కాలంటే అదనపు రుసుము చెల్లించాలి. ఒక్కవైపు ప్రయాణానికి అది శుద్ధ దండగ. మీరు జపాన్‌లో దిగేది నరితా విమానాశ్రయంలో అయి, టోక్యోలో ఆగకుండా నేరుగా ఒసాకా వెళ్లాల్సి ఉంటే, అక్కడి నుంచి విమానమే ఎక్కమని చెప్పేదాన్ని. ఎందుకంటే నరితా టోక్యో నడిబొడ్డుకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది.

సామాను సంగతి ముందే చూసుకోండి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే, పెద్ద సామానుకు చోటున్న సీటును ముందుగా రిజర్వు చేసుకోవాలి. దానికి అదనపు ఖర్చు లేదు గానీ, చేయకుండా ఎక్కితే 1,000 యెన్లు కట్టాలి. పెట్టెలను హోటల్ నుంచి హోటల్‌కు పంపే కొరియర్ సేవ కూడా ఉంది, మామూలుగా మర్నాటికి అందుతాయి. మీకు నేను సూచించేది అదే.

చివరగా తేదీలు. ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు అక్కడ దగ్గర దగ్గరగా సెలవులు వస్తాయి. ఆ రోజుల్లో నొజోమి రైళ్లలో రిజర్వేషన్ లేని బోగీలే ఉండవు. స్టేషన్ కౌంటర్లలో టికెట్లు ప్రయాణానికి సరిగ్గా నెల ముందు, జపాన్ కాలమానం ప్రకారం ఉదయం 10 గంటలకు ఇవ్వడం మొదలుపెడతారు. వీలైతే 29కి ముందే ఒసాకా చేరేలా ప్రయాణం పెట్టుకోండి.