జూలై 8 అంటే నాకు 7-1 కాదు, తురాం

"ఒకే తేదీన వేర్వేరు ఏళ్లలో జరిగిన గొప్ప ఫుట్‌బాల్ సంఘటనలు ఏవి?" అని అడిగారు. జూలై 8ని మించిన తేదీ లేదు. 1982లో సెవిల్‌లో పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ సెమీఫైనల్. 1990లో రోమ్‌లో ఫైనల్, పశ్చిమ జర్మనీ ఆటగాడు బ్రేమె పెనాల్టీతో అర్జెంటీనా ఓటమి. 2014లో బెలో హొరిజోంటెలో బ్రెజిల్ మీద జర్మనీ 7-1. అన్నీ వరల్డ్ కప్ మ్యాచ్‌లే.

ఇలాంటి ప్రశ్న వస్తే అందరూ ఆ ఏడు గోల్స్ గురించే రాస్తారు. నాకది నచ్చదు. నెయ్‌మార్ గాయపడి, కెప్టెన్ తియాగో సిల్వా సస్పెండై, సగం బలంతో దిగిన బ్రెజిల్ జట్టు అది. అరగంట నిండకముందే 5-0. ఆ తర్వాత టెన్షన్ పడి చూడ్డానికి ఏం మిగిలింది? ఆ తేదీకి అసలు విలువ తెచ్చింది 1998లో స్టాడ్ ద ఫ్రాన్స్‌లో జరిగిన ఫ్రాన్స్, క్రొయేషియా సెమీఫైనల్.

మనకది రాత్రి పన్నెండున్నరకు మొదలైంది. అప్పుడు గుంటూరులో ఉండేవాళ్లం, నేను డిగ్రీ చదువుతున్నాను. అందరూ పడుకున్నాక బాబాయి, నేను టీవీ సౌండ్ బాగా తగ్గించి కూర్చున్నాం. ఫస్టాఫ్‌లో గోల్ లేదు. సెకండాఫ్ మొదలైందో లేదో, క్రొయేషియా ఫార్వర్డ్ షూకర్ కొట్టేశాడు. ఫ్రాన్స్ డిఫెండర్లంతా ముందుకొచ్చినా వాళ్లలో కుడివైపు ఆడే తురాం ఒక్కడు వెనకే ఉండిపోవడంతో షూకర్ ఆఫ్‌సైడ్ కాలేదు, గోల్ నిలిచింది. క్వార్టర్స్‌లో జర్మనీని 3-0తో ఇంటికి పంపిన జట్టు క్రొయేషియా. "ఇంకేముందిరా, అయిపోయింది" అంటూ బాబాయి లేచి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాడు.

గ్లాసుతో తిరిగొచ్చేసరికి రీప్లే వస్తోంది. అది షూకర్ గోలే అనుకుని విసుక్కుంటూ కూర్చున్నాడు. "కాదు బాబాయ్, మనవాళ్లే కొట్టారు, తురాం!" అంటే నమ్మడే! రైట్ బ్యాక్ గోల్ కొట్టడమేంటని నన్నే కసిరాడు. స్క్రీన్ మీద 1-1 కనబడ్డాక గ్లాసు కింద పెట్టేసి, మ్యాచ్ అయ్యేదాకా మళ్లీ లేవలేదు. క్రొయేషియా ఆటగాడు బోబన్ దగ్గర బంతి లాక్కుని, తన జట్టులోని జోర్కేఫ్‌కి ఇచ్చి, తిరిగి అందుకుని నెట్‌లోకి పంపాడు తురాం. 70వ నిమిషంలో ఎడమ కాలితో ఇంకొకటి, ఫ్రాన్స్ 2-1తో గెలిచింది. కొట్టి, మోకాళ్ల మీద కూర్చుని, మూతి మీద వేలు పెట్టుకుని ఏదో ఆలోచిస్తున్నవాడిలా ఉండిపోయాడు.

ఫ్రాన్స్ తరఫున 142 మ్యాచ్‌లు ఆడిన మనిషి కొట్టిన గోల్స్ ఆ రెండే. వరల్డ్ కప్ చరిత్రలో ఇంతకన్నా గొప్ప రాత్రి ఏ డిఫెండర్‌కూ లేదు, నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఫ్రాన్స్ డిఫెండర్ లోరాన్ బ్లాన్‌కి ఆ రోజు ఇచ్చిన రెడ్ కార్డ్ మాత్రం ఇప్పటికీ నాకు మింగుడు పడదు. చెయ్యి కాస్త తగిలితే క్రొయేషియా డిఫెండర్ బిలిచ్ ముఖం పట్టుకుని పడిపోయాడు. దాంతో బ్లాన్ ఫైనల్ ఆడలేకపోయాడు. అదే 1982లో, ఇదే తేదీన, జర్మనీ గోలీ షూమాకర్ ఎగిరి గుద్దితే ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టాన్ పళ్లూడి స్పృహ తప్పాడు. కార్డు సంగతి అటుంచండి, ఫౌల్ కూడా ఇవ్వలేదు! ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-1 ఆధిక్యంలో ఉన్న ఫ్రాన్స్ 3-3కి జారిపోయి పెనాల్టీల్లో ఓడింది. అది చూసినవాళ్లకు 1998లో ఎంత ఊరట కలిగి ఉంటుందో!

మన పేపర్ల గురించి కూడా చెప్పాలి. మ్యాచ్ ముగిసేసరికి రాత్రి రెండు దాటింది కాబట్టి పొద్దున రాలేదంటే అర్థముంది. ఆ మర్నాడైనా వేయాలి కదా? మా ఇంటికొచ్చే పేపర్లో ఒక మూల నాలుగు లైన్లు వేశారు. పేజీ అంతా క్రికెట్. తురాం ఫోటో ఒక్కటీ లేదు. ఇప్పుడు జూలై 8 విశేషాలంటూ లిస్టులు రాసేవాళ్లూ అతన్ని వదిలేస్తుంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ మ్యాచ్ సెకండాఫ్ ఒక్కసారి చూసి, అప్పుడు రాయండి.