విమాన టికెట్ల జీఎస్‌టీ 2బీలో కనిపించకపోతే

ట్రావెల్ ఏజెన్సీ బిల్లులున్నా మీ ఉద్యోగుల టికెట్ల జీఎస్‌టీ 2బీలో (మీకొచ్చే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను జీఎస్‌టీ పోర్టల్ చూపే స్టేట్‌మెంట్‌లో) రావడం లేదా? బుకింగ్‌లో మీ కంపెనీ జీఎస్‌టీ నంబరు ఎయిర్‌లైన్‌కు చేరి ఉండదు. ఏజెన్సీ బిల్లుతో వచ్చే క్రెడిట్ వాళ్ల సర్వీస్ ఫీజుకే. టికెట్ మీద పన్నుకు ఇన్వాయిస్ ఇవ్వాల్సింది ఎయిర్‌లైనే.

1. ఏజెన్సీ ప్రొఫైల్‌లో నంబరు ఉంటే సరిపోదు. జీడీఎస్ (ఏజెన్సీలు టికెట్లు బుక్ చేసే కంప్యూటర్ వ్యవస్థ) బుకింగ్ అయితే జీఎస్‌టీఎన్ (జీఎస్‌టీ నంబరు), జీఎస్‌టీఈ (ఈమెయిల్) వంటి ఎస్ఎస్ఆర్ ఎంట్రీలు, అంటే ఎయిర్‌లైన్‌కు వెళ్లే ప్రత్యేక వివరాలు, టికెట్ ఇష్యూ కాకముందే పీఎన్ఆర్‌లో పడాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. హడావిడి బుకింగ్‌లో మరీనూ. తర్వాత సరిచేయించడం చాలా కష్టం, అందుకే ఏజెన్సీని గట్టిగా అడగండి.
2. జీఎస్‌టీఈ ఎంట్రీలో ప్రయాణికుడి ఈమెయిల్ కాదు, మీ అకౌంట్స్ వాళ్లది పెట్టించండి.
3. పాత టికెట్లకు ఎయిర్‌లైన్ సైట్‌లో పీఎన్ఆర్‌తో ఇన్వాయిస్ దించుకోండి. మీ నంబరు ఉండి కూడా 2బీలో లేకపోతే, వాళ్ల జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్) గురించి ఎయిర్‌లైన్‌కు రాసి అడగండి.