పాఠకుల ప్రశ్నలు: ఆవిరి ఇంజన్‌ను నలుగురూ కలిసి తయారుచేస్తే

చిన్న ఆవిరి ఇంజన్‌ను బృందంగా తయారుచేయడం గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. అందరూ అడిగింది ఊగే సిలిండర్ ఇంజన్ గురించే. అందులో విడిగా వాల్వ్ ఉండదు. సిలిండరే అటూ ఇటూ ఊగుతూ ఆవిరి దారి తెరుస్తుంది, మూస్తుంది. కొలతలన్నీ ఒకే నమూనాకు చెబుతున్నాం: సిలిండర్ లోపలి వ్యాసం 10 మి.మీ., పిస్టన్ నడక 20 మి.మీ., ఆవిరి ఒక వైపు నుంచే.

ప్ర: మేం ఆరుగురం, లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) ఒక్కటే ఉంది. ఎవరి ఇంజన్ వాళ్లం చేసుకోవాలా, భాగాలు పంచుకోవాలా?

జ: భాగాలు పంచుకోండి. లేత్ పనిలో కోతకంటే బిగింపుకు, సరిచూసుకోవడానికి ఎక్కువ సమయం పోతుంది. ఒకసారి బిగింపు కుదిరాక ఆరు సిలిండర్లూ వరసగా తీయడం తేలిక. ఆరుగురూ ఆరుసార్లు మొదటినుంచి మొదలుపెడితే నెలలు గడిచినా ఒక్క ఇంజనూ తిరగదు.

సిలిండర్‌కు 20 మి.మీ. చదరపు ఇత్తడి కడ్డీ తీసుకోండి. ఒక్కో ముక్క 35 మి.మీ., రంపపు కోతకూ మట్టం చేయడానికీ 3 మి.మీ. వదిలితే ఆరింటికి 228 అవుతుంది. 250 మి.మీ. కడ్డీ సరిపోతుంది. 16 మి.మీ. కడ్డీతోనూ చేయొచ్చుగానీ, గోడ 3 మి.మీ.యే మిగులుతుంది. సిలిండర్ ఊగడానికి ఇరుసుగా ఉండే పివట్ పిన్ మర బిగించడానికి అది చాలదు. 20 మి.మీ. కడ్డీ అయితే గోడ 5 మి.మీ. ఉంటుంది. ఎం4 (4 మి.మీ. వ్యాసం) మర 4 మి.మీ. లోతు వేసినా లోపలికి చిల్లు పడదు.

కొలతల దగ్గరే బృందాలు తడబడతాయి. ఆరు వెర్నియర్లు ఆరు అంకెలు చూపిస్తాయి. అందుకని ఒకే మైక్రోమీటర్ వాడండి, అదీ ఒక్కరి చేతిలోనే ఉండాలి. ముందు సిలిండర్లు పూర్తిచేయండి. 9.8 మి.మీ. డ్రిల్ తర్వాత 10 మి.మీ. హెచ్7 రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు నునుపుచేసే పనిముట్టు) నడిపితే రంధ్రం 10.000, 10.015 మధ్య వస్తుంది. పిస్టన్‌ను ఆ సిలిండర్‌కు సరిపడేట్టు 0.02 నుంచి 0.03 మి.మీ. తక్కువకు తీయండి. రెండింటి మీదా ఒకే నంబరు పంచ్ కొట్టండి, తర్వాత కలగాపులగం కాకుండా ఉంటుంది. మరలు ఎం3, ఎం4 తప్ప మరేదీ వాడకూడదని మొదటి రోజే ఒప్పుకోండి.

సిలిండర్ ఆనుకుని ఊగే ఫ్రేము రంధ్రాలకు 6 మి.మీ. ఉక్కు పలకతో ఒక జిగ్, అంటే డ్రిల్‌ను ప్రతిసారీ ఒకే చోట దించే అచ్చు, చేసుకోవాలి. ఈ జిగ్ మీద ఎంత శ్రద్ధ పెడితే అంత మంచిది. దాని కొలతలు కింది జవాబులో ఉన్నాయి.

ప్ర: ఆవిరికి బదులు ఒత్తిడి గాలి పెడితే సిలిండర్‌కూ ఫ్రేముకూ మధ్య నుంచి బుస్సుమని పోతోంది. స్ప్రింగ్ బిగిస్తే ఇంజన్ ఆగిపోతోంది. లోపం ఎక్కడ?

జ: సిలిండర్‌ను ఫ్రేముకు అదిమిపట్టే ఆ స్ప్రింగ్ జోలికి పోకండి. లోపం రెండు చోట్ల ఉండొచ్చు: రంధ్రాల స్థానంలో, లేదా ఆనుకునే ముఖాల్లో.

ముందు రంధ్రాలు చూద్దాం. క్రాంక్ (పిస్టన్ కదలికను చక్రం తిరుగుడుగా మార్చే భాగం) ఇరుసు నుంచి పివట్‌కు దూరం 50 మి.మీ., క్రాంక్ పిన్ ఇరుసుకు 10 మి.మీ. దూరంలో ఉంది అనుకోండి. సిలిండర్ ముఖంలోని ఆవిరి రంధ్రం పివట్‌కు 12 మి.మీ. పైన ఉంటే, అది మధ్యరేఖ నుంచి పక్కకు జరిగేది 12 × 10 ÷ 50, అంటే 2.4 మి.మీ. కనుక ఫ్రేములో ఆవిరి వచ్చే రంధ్రం, పోయే రంధ్రం రెండూ పివట్ కేంద్రంగా 12 మి.మీ. వ్యాసార్ధంతో గీసిన చాపం మీద, మధ్యరేఖకు చెరో వైపు 2.4 మి.మీ. దూరంలో ఉండాలి. చాపం మీద అన్నది మరవొద్దు. మధ్యలో ఉన్నప్పటి ఎత్తులోనే అడ్డంగా గీత గీసి గుర్తు పెడితే పావు మి.మీ. తేడా వస్తుంది.

మూడు రంధ్రాలూ 2 మి.మీ. డ్రిల్‌తో వేస్తే, పిస్టన్ పై చివరా కింది చివరా ఉన్న క్షణంలో సిలిండర్ రంధ్రానికీ పక్క రంధ్రానికీ మధ్య 0.4 మి.మీ. మూత మిగులుతుంది. ఆవిరి ఎక్కువ పోతుందిలే అని 2.5 మి.మీ. డ్రిల్ వేస్తే ఆ మూత మాయమై, ఆవిరి వచ్చే దారి నుంచి పోయే దారిలోకి నేరుగా వెళ్లిపోతుంది. అలాంటి ఇంజన్‌కు ఎంత గాలి ఇచ్చినా లాభం లేదు, ఫ్రేము మళ్లీ చేయాల్సిందే.

రంధ్రాలు సరిగానే ఉంటే ముఖాలు చూడండి. సిలిండర్ ముఖానికి మార్కర్ సిరా పూసి బిగించి, చేత్తో పదిసార్లు ఊపి విప్పండి. సిరా ఒక అంచునే పోయిందంటే పివట్ పిన్ ముఖానికి లంబంగా లేదు. ఎంత రుద్దినా అది కుదరదు, పిన్ రంధ్రం సరిచేయాలి. అక్కడక్కడా చుక్కలుగా పోయిందంటే ముఖం చదునుగా లేదు. మందపాటి గాజు పలక మీద నీటి ఎమరీ పేపర్ పరిచి, పిన్ విప్పేసి, 400 నంబరు తర్వాత 800, ఆపైన 1200 మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. పిన్ చుట్టూ 8 మి.మీ. వ్యాసంలో అర మి.మీ. లోతు గుంట తీస్తే ముఖం మధ్యలో ఆనుకుని ఊగిసలాడదు.

ఇంజన్ వాల్వులు నూరే కార్బోరండం పేస్టు మాత్రం ఇత్తడికి పెట్టకండి. ఆ గింజలు మెత్తని ఇత్తడిలో దిగబడి, కడిగినా పోవు. ఆ ముఖం తర్వాత ఎదుటి ముఖాన్ని అరగదీస్తూనే ఉంటుంది.

ఇవి కుదిరాకే స్ప్రింగ్. అర బార్ (బార్ అంటే ఒత్తిడి కొలమానం, దాదాపు వాతావరణ పీడనమంత) గాలికి ముఖం లేవకుండా ఉండాలి. గాలి తీసేసి ఫ్లైవీల్‌ను, అంటే ఇరుసు మీది బరువు చక్రాన్ని, చేత్తో తిప్పితే రెండు మూడు చుట్లు తనంతట తిరగాలి.

ప్ర: బాయిలర్‌కు మందపాటి రేకు డబ్బా తీసుకుని మామూలు టంకం పెట్టొచ్చా?

జ: వద్దు. ఒత్తిడి గేజి మీద 2 బార్ దగ్గర ఆవిరి వేడి సుమారు 134 డిగ్రీలు. తగరం, సీసం టంకం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది కాబట్టి పరవాలేదు అనిపిస్తుంది. కానీ కరగడానికి చాలా ముందే దాని బలం పడిపోతుంది. పైగా నీటిమట్టం మంట కంటే కిందికి దిగిందంటే రేకు వేడి చూస్తుండగానే ఆ హద్దు దాటేస్తుంది.

రాగి గొట్టం, వెండి టంకం వాడండి. 55 శాతం వెండి ఉన్న టంకం 630 నుంచి 660 డిగ్రీల మధ్య కరుగుతుంది. 50 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. మందం, 120 మి.మీ. పొడవు గొట్టంలో సుమారు 200 మి.లీ. పడుతుంది. 2 బార్‌కు ఈ గొట్టం గోడ బెదరదు. భయమంతా చివరి మూతల గురించే. ఒక్కో మూత మీద పడే తోపు 35 కిలోల బరువంత ఉంటుంది. అందుకే మూతలు 2 మి.మీ. రాగి రేకుతో అంచు మడిచి చేయాలి, రెండింటినీ కలుపుతూ నడిమధ్యన 5 మి.మీ. కంచు కడ్డీ వేయాలి. సేఫ్టీ వాల్వ్, గేజి బిగించే బుష్‌లు కూడా కంచువో గన్‌మెటల్‌వో (ఒక రకం కంచు) కావాలి. ఇత్తడిలోని జింకు వేడి నీటిలో క్రమంగా కరిగిపోయి లోహం గుల్లబారుతుంది.

బాయిలర్ పని మాత్రం బృందంలో పంచకండి. వెండి టంకం అలవాటున్న ఒక్కరే చేయాలి. అలాంటివారు లేకపోతే ఇంజన్‌ను గాలితోనే నడపండి, అందులో తక్కువతనం ఏమీ లేదు. మీ ప్రాంతంలో ఒత్తిడి పాత్రలకు నియమాలు, తనిఖీ ఉంటే ముందు అవి తెలుసుకోండి.

పరీక్ష నీటితో చేయాలి. గాలి బుడగ మిగలకుండా నిండా నింపి, చేతి పంపుతో రెట్టింపు ఒత్తిడికి, అంటే 4 బార్‌కు తెచ్చి 20 నిమిషాలు ఉంచండి. ముల్లు దిగకూడదు, మూతలు ఉబ్బకూడదు. గాలితో ఈ పరీక్ష ఎప్పుడూ చేయొద్దు. నీరు ఎంత నొక్కినా కుదించుకుపోదు కాబట్టి అతుకు విడితే చుక్క కారి ఆగిపోతుంది. కుదించుకుపోయిన గాలి అయితే ముక్కల్ని విసిరికొడుతుంది. ఆ తర్వాత ఆవిరి పరీక్ష: ఇంజన్‌కు దారి మూసి, మంట పూర్తిగా పెట్టినా సేఫ్టీ వాల్వ్ ఒత్తిడిని 2.2 బార్ దాటనివ్వకూడదు.

నీటి కంటే ముందు ఇంధనమే అయిపోవాలి. 140 మి.లీ. నీరు పోసి, స్పిరిట్ 20 మి.లీ. మాత్రమే ఇచ్చి వెలిగించండి. మంట ఆరి, బాయిలర్ చల్లారాక మిగిలిన నీరు కొలవండి. 50 మి.లీ. కంటే తగ్గకుండా ఉండేంత వరకే స్పిరిట్ పెంచుకుంటూ వెళ్లండి. పట్టపగలు స్పిరిట్ మంట కంటికి సరిగా కనబడదు. ఆరిందనుకుని వేడి బర్నర్‌లో మళ్లీ పోయడం వల్లే ప్రమాదాలు జరుగుతాయి.

ప్ర: గాలితో చక్కగా తిరిగిన ఇంజన్ ఆవిరి పెట్టగానే నీళ్లు కక్కి ఆగిపోతోంది. ఎందుకు?

జ: చల్లని సిలిండర్‌ను తాకగానే ఆవిరి నీరవుతుంది. మొదటి నిమిషం ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పుతూ ఆ నీటిని బయటికి పోనివ్వండి. అప్పుడు సిలిండర్ ముఖం కాస్త లేచి నీళ్లు చిమ్మడం తప్పు కాదు. నీరు కుదించుకుపోదు కదా, స్ప్రింగ్ అలా దారి ఇవ్వకపోతే పిస్టన్ రాడ్ వంగుతుంది.

వేడెక్కాక కూడా కక్కుతుంటే బాయిలర్‌ను మూడింట రెండు వంతులకు మించి నింపేసి ఉండొచ్చు, లేదా ఆవిరి గొట్టం పైభాగం నుంచి కాకుండా పక్కనుంచి తీసి ఉండొచ్చు. లోపల నూనె, సబ్బు మిగిలినా నురగ వస్తుంది. ఆవిరి గొట్టం పొడవు 150 మి.మీ. దాటకుండా చూసి, పైన నూలు దారం చుట్టండి.

నీళ్లు లేకుండానే బిగుసుకుపోతే పిస్టన్ దేనితో చేశారో చూడండి. టెఫ్లాన్ పిస్టన్ గాలితో అద్భుతంగా నడుస్తుంది. కానీ 10 మి.మీ. టెఫ్లాన్ 100 డిగ్రీలు వేడెక్కితే ఇత్తడి కంటే దాదాపు 0.1 మి.మీ. ఎక్కువ ఉబ్బుతుంది. మీరు వదిలిన సందు 0.03! ఇత్తడి పిస్టన్‌కు గాడి తీసి గ్రాఫైట్ తాడు చుట్టడమే మేలు. నూనె కూడా పల్చనిది పనికిరాదు, తడి ఆవిరి కడిగేస్తుంది. ఆవిరి సిలిండర్ల కోసమే అమ్మే చిక్కటి నూనె వాడండి.

ప్ర: లేత్ లేకుండా కుదురుతుందా?

జ: గాలికి, తక్కువ ఒత్తిడికి కుదురుతుంది. ఒకదానిలో ఒకటి దూరే ఇత్తడి గొట్టాలు దొరుకుతాయి. పెద్దది సిలిండర్, దానిలో దూరేది పిస్టన్. సిలిండర్‌కు ఒక పక్క 3 మి.మీ. ఇత్తడి పలక టంకం పెడితే అదే ఆనుకునే ముఖం. టంకం వేడికి గొట్టం వంకరపోతుంది కాబట్టి, రంధ్రాలు, రుద్దడం అంతా ఆ తర్వాతే. ఫ్లైవీల్ మాత్రం తయారైంది తెచ్చుకోండి. రంధ్రం నడిమధ్యన లేని చక్రం ఇంజన్‌ను బల్ల మీద నిలవనివ్వదు.

ప్ర: మా ఆరు ఇంజన్లలో రెండు వెనక్కి తిరుగుతున్నాయి. ఏం తప్పు చేశాం?

జ: తప్పేం లేదు. ఆవిరి గొట్టాన్ని పోయే రంధ్రానికి మార్చండి, ముందుకు తిరుగుతాయి.