డీజిల్ కారు ట్యాంకు మూతిలో అడ్డు తీసేశాను, ఇన్సూరెన్సు పోతుందా?

ప్రశ్న: మాది అనంతపురం, ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా డీజిల్ కారు ట్యాంకు మూతిలో పెట్రోలు గన్ దూరకుండా కంపెనీవాళ్లు ఒక స్ప్రింగు అడ్డు పెట్టారు. హైవే బంకుల్లో లారీలకు కొట్టే గన్ అందులో సరిగా దిగదు, దిగినా మాటిమాటికీ ఆగిపోతుంది. విసుగొచ్చి ఇంట్లోనే స్క్రూడ్రైవరుతో ఆ అడ్డు ఊడదీశాను. ఇప్పుడు హాయిగా పడుతోంది. ఇది నేరమనీ, రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్సు రాదనీ మా బావమరిది భయపెడుతున్నాడు. నిజమేనా?

జవాబు: నేరం సంగతి ముందు చెబుతాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182-ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని విడిభాగాలు బిగించి బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అయితే ఆర్సీలో ఉండేవి ఇంజిన్ నంబరు, ఛాసీ నంబరు, ఇంధనం, సీట్లు, బరువు, రంగు లాంటివి. ట్యాంకు మూతిలోని అడ్డు వాటిలో లేదు. మీరు కొత్తగా బిగించిందీ లేదు. అందుకే ఇది ఈ సెక్షన్ల కిందికి రాదని నా అభిప్రాయం. పైపునే కోసో, వెడల్పు చేసో ఉంటే మాత్రం వెంటనే మార్పించండి. అక్కడ డీజిల్ కారితే మంట ప్రమాదం.

ఇన్సూరెన్సులో రెండు భాగాలు విడిగా చూడాలి. మీ కారు ఎవరికైనా తగిలితే వాళ్లకివ్వాల్సిన పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీకి అదే మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్‌లో ఉన్న కారణాలు కొన్నే. ఈ అడ్డు వాటిలో లేదు. మీ సొంత కారు నష్టానికొస్తే, దొంగతనానికో ఢీకొట్టడానికో ఈ అడ్డుతో సంబంధం లేదు, దాన్ని చూపి క్లెయిము కొట్టేయడం చెల్లదు. పాలసీలోని మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేసుకోవాల్సింది కంపెనీయే.

నన్ను నిజంగా కలవరపెడుతున్నది వేరే. పెట్రోలు గన్ డీజిల్ గన్ కంటే సన్నం, అందుకే అది డీజిల్ ట్యాంకులోకి సులువుగా దూరిపోతుంది. ఆ పొరపాటు ఆపడానికే ఆ అడ్డు. రేపు బంకు కుర్రాడు పెట్రోలు కొట్టేస్తే, డీజిల్ ఇచ్చే నూనె జిడ్డు లేక హైప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు అరిగిపోతాయి. ఈ నష్టాన్ని మామూలు పాలసీ యాంత్రిక లోపం కింద, పర్యవసాన నష్టం (ఒక ఘటన తర్వాత దాని ఫలితంగా వచ్చే నష్టం) కింద పక్కన పెడుతుంది. ఇంజిన్ రక్షణ యాడ్-ఆన్ (పాలసీకి అదనంగా కొనే కవరు) తీసుకుని ఉంటే, అందులో తప్పుడు ఇంధనం గురించి ఏం రాశారో ఇవాళే చదవండి. వారంటీ పుస్తకాల్లో యజమాని చేసిన మార్పుల వల్ల వచ్చిన లోపాలకు బాధ్యత లేదని ఉంటుంది. పంపు పాడైతే సర్వీసు సెంటర్ చూపించేది ఆ వాక్యమే. బంకు మీద కేసు వేసినా, కంపెనీ పెట్టిన రక్షణను మీరే తీసేశారు కదా అని వాళ్ల వకీలు తప్పక వాదిస్తాడు. తప్పు బంకుదే అయినా పరిహారం తగ్గవచ్చు.

అందుకే అడ్డు మళ్లీ పెట్టించుకోండి. స్ప్రింగు బిగుసుకుపోవడం వల్లే గన్ దిగకపోతే అది కంపెనీ లోపం, వారంటీలో ఉచితంగా మార్చమని రాతపూర్వకంగా అడగండి. మాటిమాటికీ ఆగడానికి కారణం చాలాసార్లు నురుగు. లారీ గన్ వేగానికి డీజిల్ నురగెత్తి, గన్ కొనలోని చిన్న రంధ్రాన్ని కప్పగానే అది ఆగిపోతుంది. కార్ల గన్‌తో, తక్కువ వేగంలో కొట్టమనండి.

ఎప్పుడైనా పెట్రోలు పడితే ఇంజిన్ స్టార్ట్ చేయకండి. బండిని పక్కకు తోయించి, బంకు బిల్లు దాచుకోండి, ట్యాంకు ఖాళీ చేసేటప్పుడు నమూనా తీయించి ఫొటోలు పెట్టుకోండి. ఇన్సూరెన్సు కంపెనీకి ఆ రోజే తెలపండి. వాళ్లు అన్యాయంగా క్లెయిము కొట్టేస్తే బెంగళూరులోని బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులు విచారించే అధికారిని) ఆశ్రయించవచ్చు, ఫీజు ఉండదు. బంకు మీదైతే 2019 వినియోగదారుల చట్టం కింద రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. బంకు అనంతపురం దారిలో ఆంధ్రలో ఉన్నా సరే, మీరు నివసించే బెంగళూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు.