డ్రగ్స్ అలవాటైతే ఆ ఇంటి మీద, సంపాదన మీద ఎట్లాంటి ప్రభావం పడుతుంది? దగ్గరి నుంచి చూసినవాళ్లు చెప్పండి

డ్రగ్స్ అనంగనే అందరు పబ్బులు, సినిమావాళ్లు, గంజాయి అనుకుంటరు. మా నిజామాబాద్ దిక్కు డ్రగ్ సీసాల వస్తది, పేరు కల్లు. చెట్టు నుంచి దిగిన కల్లు కాదు నేను చెప్పేది. చుట్టుపక్కల ఈత చెట్లే లేని కాడ పొద్దుమాపు దుకాణం నడుస్తుందంటే అండ్ల ఉన్నదేంది మరి? అల్ప్రాజోలం, డయాజిపాం, అంటే నిద్రగోళీల మందు.

మా చిన్నమ్మ బీడీలు చుట్టేది. పొద్దంత చాట ఒళ్లె పెట్టుకుని వంగి కూసుంటే మెడ, నడుము గుంజుతయి, రాత్రి ఒక సీసా తాగితే నొప్పి తెల్వదు, నిద్ర పడ్తది. వాడకట్టుల చానమంది ఆడోళ్లు గంతే, ఎవ్వరు దాన్ని వ్యసనం అనుకోలే. 2015ల సర్కారు కల్తీ మీద దాడులు చేస్తే మందు కలుపుడు ఒక్కసారే బందైంది. ఇగ చూడాలె, చిన్నమ్మకు చేతులు వణికి కత్తెర పట్టరాలే, రాత్రంత లేని మనుషులతోని మాట్లాడుడు, గోడ మీద లేని పురుగులు ఏరుడు, తెల్లారేసరికి ఫిట్స్. దవాఖానకు పోతే మంచాలు లేవు, అందరిదీ గదే కథ, కొందర్ని చీరలతోని మంచానికి కట్టేసిన్రు. డాక్టరేమో "ఎందుకు తాగనిచ్చిన్రు" అని మమ్మల్నే తిట్టిండు. దుకాణానికి లైసెన్స్ ఇచ్చింది మేమా?

బీడీలకు వెయ్యికి ఇంత అని కూలి, చేతులు ఆగితే పైసలు ఆగినట్టే. కాపలా కూసున్న చిన్నమ్మ బిడ్డ, మా చెల్లె, ఆమె కూలి కూడ పాయె. పుస్తెలతాడు కుదువకు పోయింది. అన్నిటికంటె ఘోరం, చెల్లెకు కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. తండ్రి తాగుతడంటే ఎవ్వరు పట్టించుకోరు, తల్లి తాగుతదంటే మాత్రం పిల్లను వద్దంటరు.

గీత కార్మికులను అంటున్న అనుకోకుండ్రి, చెట్టు మీదికెళ్లి పడి సచ్చేది వాళ్లే, పైసలు మింగేది కల్లుల కలిపే మందు సప్లై చేసేటోడు. 2025 జులైల కూకట్‌పల్లిల కల్తీ కల్లు తాగి మనుషులు సచ్చిపోతే టీవీలల్ల కొన్నిరోజులు లొల్లి, ఇగ అంతే. డ్రగ్స్ వద్దని కాలేజీ పిల్లలతోని ర్యాలీలు తీపిచ్చుడు మాత్రం ఆగదు, ఆ పిల్లల తల్లులు తాగే సీసాల ఏమున్నదో ఎవ్వడు చూడడు.

మీ ఇంట్ల ఎవరన్న ఉంటే తాళమేసి ఒక్కసారే బంద్ పెట్టకుండ్రి, ఈ మందు అట్ల ఆపితే ప్రాణం మీదికొస్తది. డాక్టర్‌కు ఏం తాగుతున్నరో దాచకుండ చెప్పుండ్రి, డోసు మెల్లమెల్లగ తగ్గిస్తరు. చిన్నమ్మకు అట్లనే మాన్పిచ్చిన్రు, నెలలు పట్టింది.