వేగం అదే, గుండె దడ మాత్రం పెరుగుతోంది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. హాఫ్ మారథాన్ కోసం ఆదివారాలు రెండు గంటలు పరిగెడుతున్నాను. కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల పేస్, మొదటి నుంచి చివరిదాకా మారదు. కానీ 20వ నిమిషంలో 142 ఉన్న హార్ట్ రేట్ ఆఖరుకు 163 అవుతోంది. వాచీలో ఎర్ర గీత దాటుతోంది. చలికాలంలో ఇంత తేడా ఉండేది కాదు. గుండె బలహీనపడుతోందా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చలికాలంలో తేడా లేదని మీరే రాశారు. సగం జవాబు అక్కడే ఉంది.

గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతుందనేది రెండిటి లెక్క: ఎన్నిసార్లు కొట్టుకుంది, కొట్టుకున్న ప్రతిసారీ ఎంత తోసింది. మీ పేస్‌కు నిమిషానికి 17 లీటర్లు కావాలనుకుందాం. ఒక్కోసారి 120 మిల్లీలీటర్లు తోస్తే 142 సార్లతో ఆ లెక్క సరిపోతుంది. గంటన్నర తర్వాత ఒక్కోసారి 105 మిల్లీలీటర్లే వెళ్తుంటే అదే 17 లీటర్లకు 163 సార్లు కొట్టుకోక తప్పదు. (ఈ మిల్లీలీటర్లు ఉదాహరణకు వేసినవి, మీ గుండెను కొలిచినవి కావు.) దీన్ని కార్డియాక్ డ్రిఫ్ట్ అంటారు. పరుగు మొదలైన పది, ఇరవై నిమిషాల తర్వాత ఎవరికైనా ఎంతో కొంత మొదలవుతుంది.

తోసే రక్తం ఎందుకు తగ్గుతుందంటే, చెమట రూపంలో పోయే నీటిలో కొంత రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా నుంచే పోతుంది. ఒంట్లో పుట్టిన వేడిని బయటికి పంపడానికి మరికొంత రక్తం చర్మానికి మళ్లుతుంది. గుండెకు తిరిగొచ్చేది ఆ మేరకు తగ్గుతుంది. మరోవైపు ఒళ్లు వేడెక్కేకొద్దీ గుండెకు లయనిచ్చే సైనస్ నోడ్ కూడా వేగం పెంచుతుంది. వేగం పెరిగితే రెండు స్పందనల మధ్య గుండె నిండే సమయం ఇంకా తగ్గుతుంది. చక్రం అలా తిరుగుతుంటుంది.

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే చల్లగా ఉంటుందని మనవాళ్ల నమ్మకం. ఎండ ఉండదు, నిజమే. కానీ గాలిలో తేమ అప్పుడే ఎక్కువ. ఒంటి మీంచి కారిపోయే చెమట చల్లబరచదు, ఆరే చెమటే చల్లబరుస్తుంది. బనీను పిండితే నీళ్లు కారే రోజున డ్రిఫ్ట్ ఎక్కువ ఉండటం మామూలే.

వచ్చే ఆదివారం ఒక కొలత తీసుకోండి. పరుగుకు ముందు మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. తిరిగొచ్చాక తడిబట్టలు విప్పి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడండి. ముందు 70 కిలోలు, తర్వాత 68.2, దారిలో తాగింది 600 మిల్లీలీటర్లు అయితే పోయిన చెమట 2.4 లీటర్లు, అంటే గంటకు 1.2 లీటర్లు. బరువులో తగ్గుదల రెండు శాతం దాటకుండా, అంటే 70 కిలోల మనిషికి 1.4 కిలోలు మించకుండా చూసుకోవాలి. ఈ ఉదాహరణలో 1.8 కిలోలు తగ్గింది కాబట్టి మరో అర లీటరు తాగాల్సింది. 20 నిమిషాలకోసారి 150 నుంచి 200 మిల్లీలీటర్లు, గంట దాటే పరుగైతే అందులో ఉప్పు కూడా ఉండాలి. అయితే తిరిగొచ్చాక బరువు పెరిగితే అదింకా ప్రమాదం. ఉత్త నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. దాన్ని డీహైడ్రేషన్ అనుకుని ఇంకా నీళ్లు పట్టించేవాళ్లూ ఉన్నారు.

డ్రిఫ్ట్‌ను లెక్కగట్టాలంటే పరుగును రెండు సగాలు చేసి సగటు హార్ట్ రేట్లు పోల్చండి. మొదటి సగంలో 146, రెండో సగంలో 158 వస్తే పెరుగుదల సుమారు 8 శాతం. చల్లని రోజున, సమతల దారిలో 5 శాతం లోపు ఉంటే ఆ దూరానికి ఒళ్లు అలవాటు పడిందని కోచ్‌లు వాడే మోటు లెక్క. ఎండాకాలంలో ఈ లెక్కతో మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి. వేడికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, అదే పేస్‌కు హార్ట్ రేట్ తగ్గుతుంది.

వాచీ ఎర్ర గీత సంగతి. అది 220లోంచి వయసు తీసేసి గీసిన గీత కావచ్చు. మీకు 179. 208లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేసే ఇంకో సూత్రంతోనూ 179 వస్తుంది. రెండూ సగటులే. ఒకే వయసు మనుషుల మధ్య పది, పదిహేను తేడా ఉండటం వింతేం కాదు. గరిష్ఠం 190 ఉన్న మనిషికి 163 ఎర్ర గీత కాదు.

భయపడాల్సిన పెరుగుదల వేరేలా ఉంటుంది. డ్రిఫ్ట్ మెల్లగా ఎక్కుతుంది, నడక మొదలెట్టగానే దిగుతుంది. 150 నుంచి ఒక్కసారిగా 200 పైకి దూకి, నిలబడ్డా దిగకపోయినా, లయ తప్పి కొట్టుకున్నా, ఛాతీ బిగుతు, దవడకో చేతికో లాగడం, కళ్లు తిరగడం ఉన్నా పరుగు ఆపి ఆ రోజే డాక్టర్‌ను కలవాలి.

ప్రశ్న: నెమ్మదిగా జాగింగ్ చేస్తుంటే స్మార్ట్‌వాచ్ 172 చూపిస్తోంది, ఆయాసం మాత్రం లేదు. అదే సమయానికి స్నేహితురాలి చెస్ట్ స్ట్రాప్ కట్టుకుంటే 131. దేన్ని నమ్మాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: స్ట్రాప్‌ని. వాచీ లెక్కపెట్టింది మీ అడుగులను అయ్యుంటుంది. పరుగులో అడుగులు నిమిషానికి 160 నుంచి 180 పడతాయి. వాచీ చర్మంలోకి ఆకుపచ్చ కాంతి పంపి, తిరిగొచ్చిన దాన్ని చూస్తుంది. ఆ రంగును రక్తం బాగా పీల్చుకుంటుంది కాబట్టి నాడి కొట్టుకున్నప్పుడల్లా తిరిగొచ్చే కాంతి కొంచెం తగ్గుతుంది. చెయ్యి ఊగినప్పుడు వాచీ కదిలినా అలాంటి ఎగుడుదిగుడే వస్తుంది. మొదటి నిమిషాల్లో మణికట్టు చల్లగా ఉండి రక్తం తక్కువగా పారుతుంటే అసలు నాడి కంటే అడుగుల లయే బలంగా కనిపిస్తుంది.

మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన, వాచీని కదిపితే కింది చర్మమూ కదిలేంత బిగువుగా పెట్టండి. ఐదు నిమిషాలు నడిచి ఒళ్లు వేడెక్కాక పరుగు మొదలెట్టండి. పచ్చబొట్టు మీద వాచీ సరిగా పనిచేయదు. అనుమానం వస్తే ఆగి, బొటనవేలి వైపు మణికట్టుపై రెండు వేళ్లు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఆగిన వెంటనే లెక్కించాలి, నిమిషం ఆగితే నాడి ఎంతో దిగిపోతుంది. మెడ దగ్గర చూస్తే ఒకవైపే, మెత్తగా నొక్కాలి.

స్ట్రాప్ పట్టుకునేది గుండె కండరం పుట్టించే విద్యుత్తును, అంటే ఈసీజీలో కనిపించేదాన్నే. అదీ తప్పులు చేస్తుంది. పట్టీ లోపలివైపు మచ్చల్లా ఉండే ఎలక్ట్రోడ్లు పొడిగా ఉంటే మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు వస్తాయి. వాటిని నీళ్లతో తడిపి, రొమ్ము కింద, పక్కకు జారకుండా కట్టుకోవాలి. వదులు పాలిస్టర్ చొక్కా గాలికి రెపరెపలాడినా స్థిరవిద్యుత్తుతో 200 పైకి చూపిస్తుంది. పరుగయ్యాక సెన్సర్ ఊడదీసి, పట్టీని మంచినీళ్లలో జాడించి ఆరేయండి. ఊడదీయకపోతే తడి పట్టీ వల్ల సెన్సర్ ఆన్‌లోనే ఉండి నాణెం బ్యాటరీ తినేస్తుంది. ఉప్పు పేరుకున్న పట్టీ ఆర్నెల్లకే మూలన పడుతుంది.

వాచీలో ఈసీజీ ఉందని మురిసిపోయేవారికి ఒక మాట. అది కదలకుండా కూర్చుని 30 సెకన్లు తీసే ఒకే లీడ్ (గుండెను ఒకే కోణంలో చూసే) రికార్డు. లయ తప్పడం అందులో దొరకొచ్చు, గుండెపోటు మాత్రం దొరకదు.

ప్రశ్న: అమ్మకు 61 ఏళ్లు. బీపీకి మెటోప్రొలాల్ వేసుకుంటారు, షుగర్ కూడా ఉంది. అలిపిరి మెట్లు ఎక్కుతానని మొక్కుకున్నారు. వేగంగా నడిచినా పల్స్ 105 దాటదు. అంటే గుండె బాగున్నట్టేనా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: కాదు. పల్స్ పెరగకుండా పట్టి ఉంచడమే ఆ మాత్ర పని. అటెనొలాల్, బైసొప్రొలాల్ కూడా అంతే. ఈ మందులు వాడేవారికి వయసు సూత్రాలు, వాచీ చూపే హార్ట్ రేట్ జోన్లు పనికిరావు. అలాగని ఎక్కే రోజు మాత్ర మానేస్తే మొదటికే మోసం. బీటా బ్లాకర్ అనే ఈ రకం మందును హఠాత్తుగా ఆపితే బీపీ, పల్స్ ఎగసిపడతాయి.

షుగర్ ఉన్నవారిలో గుండెకు రక్తం తక్కువైనా ఛాతీ నొప్పి రాకపోవచ్చు. మామూలు కంటే ఎక్కువ ఆయాసం, చల్లని చెమట, వికారమే గుర్తులు. అందుకే ముందు ఫిజీషియన్‌కు చూపించండి. బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్న పెద్దవారు నడకదారిన రావద్దని టీటీడీ కూడా చెబుతుంటుంది. డాక్టర్ సరేనంటేనే మిగతా మాట.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఉన్న మొదటి భాగం, చివర్లో మోకాళ్లమెట్టు నిటారుగా ఉంటాయి. శ్రీవారిమెట్టు 2,388 మెట్లే అయినా ఎక్కుడు ఇంకా నిటారు, ఆవిడకు అది వద్దు. వాచీ బదులు మాటే కొలత. "ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవిందా" అని ఊపిరి తెగకుండా అనగలిగితే వేగం సరిపోయింది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తే నిలబడాలి. యాభై మెట్లకోసారి నిమిషం ఆగితే పోయేదేం లేదు. రెండు నెలల ముందు నుంచి ఇంటి మెట్ల మీద అలవాటు చేయించండి.

ప్రశ్న: మా తమ్ముడు 42 కిలోమీటర్లు పూర్తిచేసి, గీత దాటగానే పడిపోయాడు. ఆసుపత్రిలో ట్రోపోనిన్ ఎక్కువని, గుండెపోటు కావచ్చని చేర్చుకున్నారు. రెండో రోజు ఏం లేదని పంపేశారు. ఏది నిజం?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రెండూ సరైనవే. ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే ప్రొటీన్. మారథాన్ తర్వాత చాలామంది ఆరోగ్యవంతుల్లోనూ అది హద్దు దాటుతుంది. కొద్ది గంటల్లో గరిష్ఠానికి చేరి ఒకటి నుంచి మూడు రోజుల్లో దిగిపోతుంది. గుండెపోటులో సాధారణంగా ఇంకా ఎక్కువ పెరిగి, రోజుల తరబడి నిలుస్తుంది. మొదటి పరీక్షతోనే రెండిటినీ విడదీయలేరు. అందుకే కొన్ని గంటలు ఆగి మళ్లీ చూసి, ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), లక్షణాలు కలిపి తేలుస్తారు. పడిపోయిన మనిషిని చేర్చుకోకుండా పంపేసి ఉంటే అది తప్పు.

గీత దాటాక పడిపోవడానికి చాలాసార్లు కారణం కాళ్లే. పరిగెడుతున్నంతసేపూ పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి. ఠక్కున ఆగితే ఆ పంపు ఆగి, రక్తం కాళ్లలో నిలిచి బీపీ పడిపోతుంది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే తేరుకుంటారు. గీత దాటాక పది నిమిషాలు నడిస్తే ఈ బాధ తక్కువ.

పరుగు మధ్యలో కూలిపోతే లెక్క వేరు. పిలిస్తే పలక్క, ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి, గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం తెప్పించాలి. ఊపిరి ఉండి, ఒళ్లు కాలిపోతూ, మాట పొంతన లేకుంటే వడదెబ్బ. ఆసుపత్రికి తరలించేలోపే ఐసు నీళ్లతో చల్లబరచడం మొదలెట్టాలి.

ప్రశ్న: 53 ఏళ్లు. టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) నార్మల్. ఇక ఫుల్ మారథాన్‌కు భయం లేనట్టేనా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆ కాగితానికి అంత బలం లేదు. ఎక్కువచోట్ల వాడే బ్రూస్ పద్ధతిలో గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం వాలుతో మొదలై మూడు నిమిషాలకోసారి రెండూ పెరుగుతాయి. చాలామంది పది, పన్నెండు నిమిషాల్లో దిగిపోతారు. గుండె ధమని బాగా ఇరుకైతే ఈసీజీలో ఎస్‌టీ భాగం అనే గీత ముక్క కిందికి జారి పట్టిస్తుంది. కొద్దిపాటి కొవ్వు పూడిక పట్టుబడదు, అది పగిలినా గుండెపోటు వస్తుంది. నాలుగైదు గంటల వేడి, చెమట ఆ గదిలో ఉండవు. రిపోర్టులో ఇంకో అంకె చూడండి: ఆపిన మొదటి నిమిషంలో పల్స్ ఎంత తగ్గింది? నడుస్తూ చల్లబడినప్పుడు 12 కూడా తగ్గకపోతే కార్డియాలజిస్టును అడగాలి. బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు, ఇంట్లో చిన్నవయసు గుండెపోట్లు ఉంటే ఆ సంగతీ అప్పుడే చెప్పండి.

ప్రశ్న: ఐదేళ్లుగా సైక్లింగ్ చేస్తున్నాను. పొద్దున లేవగానే పల్స్ 48. మందు వాడాలా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కళ్లు తిరగడం, నీరసం లేకపోతే అక్కర్లేదు. ఏళ్ల సాధనతో గుండె గది పెద్దదై ఒక్కోసారి ఎక్కువ రక్తం తోస్తుంది, తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. సాధన లేని మనిషికి 48 ఉంటే థైరాయిడ్, ఈసీజీ చూడాలి. ఇక మీ 48 ఏ కారణం లేకుండా నాలుగైదు రోజులు 56 దగ్గర ఉంటే జ్వరమో, నిద్ర చాలకపోవడమో, సైకిల్ ఎక్కువ తొక్కడమో అయ్యుంటుంది. ఆ వారం దూరం తగ్గించండి.